రెండిళ్ల తుపాకులు

నాగులవంకలో కృష్ణవేణమ్మకు రివాల్వర్ ఉందన్న సంగతి తెలియనివాళ్లు లేరు. పొలానికి పోయినా, పెళ్లికి పోయినా ఆమె చంకలో నల్లటి తోలుసంచీ ఒకటి వేలాడుతూ ఉండేది. ఆడుకునే పిల్లలు కూడా ఆ సంచీకి తగలకుండా పక్కకు తప్పుకునేవాళ్లు. యాభై ఆరేళ్ల మనిషి, కళ్లద్దాలు, మోకాళ్ల నొప్పులు. ఇన్నేళ్లలో ఆమె దాన్ని ఎవరి మీదికీ ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం రాలేదు. ఆమె దగ్గర అది ఉందని పడమటి వీధి మద్దిలేటిరెడ్డికి తెలుసు. ఆయన ఇంట్లో రెండు గొట్టాల తుపాకీ ఉందని ఆమెకు తెలుసు. ఊరు ఇంత ప్రశాంతంగా ఉండడానికి అదే కారణమని ఆమె గట్టిగా నమ్మింది.

శివరాత్రి వెళ్లిన వారంలో పోలీస్ స్టేషన్ నుంచి హెడ్ కానిస్టేబుల్ జ్ఞానమణి ఫోన్ చేసింది.

"అమ్మా, నీ లైసెన్సు గడువు శ్రావణంలో అయిపోతాది కదా. ఈసారి రెన్యూవల్ అంత సులువు కాదంటాండారు. కొత్త రూల్స్ ఏవో వస్తాయంట. నిజంగా ప్రాణభయం ఎవురికి ఉండాది, ఊరికే పెట్టుకున్నోళ్లు ఎవురు అని పైనుంచి వివరాలు అడుగుతాండారు."

"మాకు లేకపోతే ఇంగెవురికి ఉంటాది జ్ఞానమణీ, ప్రాణభయం? మా ఇంటాయన్ని చంపినారు కదా!"

"అది ఇరవై ఏండ్ల మాటమ్మా. ఈ మధ్యలో ఏమన్నా జరిగిందా? ఎవురన్నా బెదిరించినారా? కంప్లయింటు ఇచ్చినావా? నీ ఫైల్లో ఒక్కటీ లేదు. భయపెట్టేదానికి చెప్పడంల్యా. ఇంకా ఏదీ ఖాయం కాలేదు. ముందుగా చెవిన వేస్తాండా, అంతే."

ఫోన్ పెట్టేసి కృష్ణవేణమ్మ చాలాసేపు మంచం మీద అలాగే కూర్చుండిపోయింది. వాకిట్లో ఆరబోసిన ఎండుమిరపకాయల మీద కోళ్లు తిరుగుతున్నా అదిలించలేదు.

ఆమె భయానికి మూలం వేరే ఉంది. ఎలక్షన్లు వస్తే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పగించాలి. ఇరవై ఏళ్ల కిందట అలాగే ఎలక్షన్లు వచ్చినప్పుడు ఆమె భర్త సుంకిరెడ్డి రివాల్వర్ తీసుకుపోయి ఇచ్చివచ్చాడు. "నడుముకు రొంత బరువు తగ్గింది" అని నవ్వాడు కూడా. రెండు వారాలు తిరక్కముందే కర్నూలు నుంచి వస్తుంటే కంకర మిల్లు అవతలి మలుపు దగ్గర జీపుకు లారీ అడ్డం పెట్టి చంపేశారు. అంతకు ఏడాది ముందు మద్దిలేటిరెడ్డి తమ్ముణ్ణి ఉల్లిచేలో ఎవరో నరికారు. ఎవరు నరికారో ఊరికి తెలుసు. ఎవరు పంపారో కృష్ణవేణమ్మకు తెలుసు. సాక్షులు లేక కోర్టులో రెండు కేసులూ కొట్టుడుపోయాయి. సుంకిరెడ్డి రివాల్వర్ వారసత్వంగా ఆమె పేరు మీదికి వచ్చింది. అప్పటి నుంచి ఎలక్షన్లు వచ్చిన ప్రతిసారీ తుపాకీ స్టేషన్లో ఇచ్చి, అటునుంచి అటే కర్నూల్లో కొడుకు ఇంటికి వెళ్లి, తుపాకీ తిరిగి చేతికి వచ్చేదాకా ఊళ్లో అడుగుపెట్టేది కాదు.

ఇప్పుడు తిరిగి రాదంటున్నారు. ఎన్నాళ్లని కర్నూల్లో కూర్చుంటుంది?

కొడుకు వంశీకి ఫోన్లో చెప్పింది. కర్నూల్లో డ్రిప్పు పైపుల దుకాణం అతనిది. ముప్పై ఏళ్లవాడు, మాట్లాడేటప్పుడు అచ్చం తండ్రిలాగే మెడ పక్కకు వంచుతాడు. మరుసటి రోజే కారేసుకుని వచ్చి, ఆమెను కర్నూలుకు తీసుకుపోయాడు. "రూలు వచ్చేలోపల తూటాలన్నా తీసి పెట్టుకుందాం మా. ఆ పొద్దు అవి కూడా ఇయ్యరేమో" అన్నాడు.

తుపాకుల దుకాణం ముందు అప్పటికే జనం ఉన్నారు. ఆ చిన్న దుకాణంలో ఎప్పుడూ ఈగలు తోలుకుంటూ ఉండే ముసలి యజమాని ఆ రోజు మాటకు మాట జవాబివ్వలేక తల పట్టుకున్నాడు. అడవిపందుల కోసం తుపాకీ ఉంచుకున్న రైతులు, పాతకాలపు జమీందారీ ఇళ్లవాళ్లు, అందరిదీ ఒకటే ప్రశ్న. యేసుప్రసాద్ అనే అతను బ్యాంకు ముందు కాపలా ఉంటాడట. ఖాకీ చొక్కాతోనే వచ్చి, కృష్ణవేణమ్మ పక్కన బెంచీ మీద కూర్చున్నాడు.

"నీకు భయముండి పెట్టుకున్యావమ్మా. నాకు భయం లేదు, శత్రువులూ లేరు. కానీ తుపాకీ ఉంటేనే నాకు ఉద్యోగం. అది పోతే ఈ వయసులో నన్ను ఎవురు పిలుస్తారు?" అన్నాడు.

తూటాలు దొరికాయి. కానీ దుకాణం యజమాని వంశీని పక్కకు పిలిచి ఏదో చెప్పాడు. తిరుగు దారిలో వంశీ ఆ మాటే ఎత్తాడు.

"మా లాయరు చెప్పిందీ అదే మా. ఫైల్లో ఏదో ఒకటి ఉండాల. ఈ మధ్య జరిగింది. బెదిరింపో, గలాటానో. ఉంటే మనది ఎవురూ ముట్టుకోరు."

"లేనిది యాడ నుంచి తెస్తావు?"

వంశీ రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు. "నువ్వు మనసులో పెట్టుకోవద్దు. నేను చూసుకుంటా."

ఎలా చూసుకుంటావని ఆమె అడగలేదు. అడిగితే వద్దనాల్సి వస్తుంది. వద్దనడానికి ఆ రోజు ఆమెకు ధైర్యం చాలలేదు.

తర్వాతి గురువారం తెల్లవారేసరికి పొలంలో జొన్నచొప్ప వామి తగలబడింది. మంటలు చూసి ఊరంతా బిందెలతో పరుగెత్తింది. కృష్ణవేణమ్మ చేరేటప్పటికి నల్లటి బూడిద కుప్ప, దాని మీద సన్నటి పొగ మాత్రమే మిగిలాయి. ఎవరూ ఏమీ అనలేదు గానీ, జనం రెండుగా చీలి నిలబడ్డారు. పడమటి వీధివాళ్లు ఒకవైపు, మిగిలినవాళ్లు ఇంకోవైపు. ఇరవై ఏళ్లుగా ఊళ్లో ఎవరూ అలా నిలబడలేదు.

మధ్యాహ్నానికి వంశీ వచ్చి స్టేషన్లో కంప్లయింటు ఇచ్చాడు. అందులో ఒక పేరు రాశాడు: చిన్న ఈరన్న. మద్దిలేటిరెడ్డి తమ్ముడి కొడుకు. ఉల్లిచేలో తండ్రి చచ్చిపోయేనాటికి బడికి పోయే పిల్లవాడు. పోలీసులు చిన్న ఈరన్నను పిలిపించుకుని సాయంత్రం దాకా స్టేషన్లో నిలబెట్టి పంపారు. ఆ మాట ఊళ్లోకి రాగానే పడమటి వీధిలో తలుపులు మూసుకున్నాయి. కృష్ణవేణమ్మ ఇంటి అరుగు మీద ఎవరూ పిలవకుండానే నలుగురైదుగురు మగవాళ్లు వచ్చి కూర్చున్నారు. "నువ్వు ఊ అను మ్మా, చాలు" అన్నాడు ఒకడు. ఆ గొంతులోని ఉత్సాహం ఆమెకు కొత్త కాదు. ఇలాంటి ఉత్సాహం చుట్టూ చేరిన తర్వాతనే సుంకిరెడ్డి పాడైపోయాడు.

మరుసటి పొద్దున ఆమె ఒక్కతే మళ్లీ పొలానికి వెళ్లింది. వామి బూడిద చుట్టూ తిరిగింది. గాలికి నుసి లేచి చీర అంచుకు అంటుకుంటోంది. వామికి ఆనుకునే ఎనుముల కొట్టం, నాలుగు గేదెలు పట్టేంత. దాని పైకప్పు సగం కాలి, కట్టుకొయ్యలు మాడిపోయి ఉన్నాయి. ఎనుములు మాత్రం నాలుగూ దూరంగా వేపచెట్టు కింద తీరిగ్గా నెమరేస్తున్నాయి. చెట్టు చుట్టూ పేడ చూసింది. ఎండి గట్టిపడిన పేడ. అంటే వామి తగలబడడానికి ముందు సాయంత్రమే వాటిని అక్కడికి మార్చి కట్టేశారు.

పగవాడు వచ్చి వామి తగలబెడితే ఎనుములు ముందుగా పక్కకు ఎందుకు మారుస్తాడు?

పొలం చూసుకునే ఓబుళేశు బావి దగ్గర మోటారు ఆపి వస్తున్నాడు. పాతికేళ్లుగా ఆ ఇంటి మనిషి. కుడి ముంజేతికి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు.

"చెయ్యి ఏమైందప్పా?"

"పొయ్యికాడ సురుక్కుమన్నిదమ్మా."

"ఎనుముల్ని ఎప్పుడు మార్చినావు?"

ఓబుళేశు తలపాగా తీసి చేతిలో నలిపాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నోరులేని జీవాలమ్మా. అవి కాలిపోతాయేమోనని... మన చిన్నరెడ్డే వామి ఒక్కటే కాల్చమన్న్యాడు. నీకు చెప్పొద్దన్న్యాడు. మనమంతా బాగుండాలంటే ఇది చేయాలన్న్యాడు. నేను వద్దని చెప్పినామ్మా, ఒకసారి చెప్పి చూసినా."

ఆమె అతన్ని తిట్టలేదు. బావిగట్టు మీద కూర్చుని, అక్కడి నుంచే వంశీకి ఫోన్ చేసింది.

"వామి నువ్వే కాల్పించినావా?"

"గడ్డే కదా మా కాలింది. ఎవురికన్నా దెబ్బ తగిలిందా?"

"ఆ ఈరన్నకు దెబ్బ తగల్లేదా? వాన్ని స్టేషన్లో నిలబెట్టినారు. రేపు వాడు ఏమన్నా చేస్తే?"

"చేస్తే మన ఫైలు ఇంకా గట్టిపడతాది."

ఆమె ఫోన్ చెవి నుంచి తీసి చూసింది, మాట్లాడింది తన కొడుకేనా అన్నట్లు. తుపాకీ కోసం పగ కావాల్సి వచ్చింది. పగ చాలకపోతే ఇంకొంచెం పెంచుకుంటారు. ఇంతకాలం తనను కాపాడుతున్నదనుకున్న వస్తువు ఇప్పుడు తన ఇంటినే కాల్చిందని ఆమెకు అక్కడ, ఆ బావిగట్టు మీద, తెలిసొచ్చింది. భయం తగ్గలేదు. ఇంకా పెరిగింది. కానీ భయపడాల్సింది దేనికో మారిపోయింది.

ఇంటికి వచ్చి ముఖం కడుక్కుని, చీర మార్చుకుని, తోలుసంచీని బీరువాలో పెట్టి తాళం వేసింది. ఖాళీ చంకతో పడమటి వీధికి నడిచింది. ఎండ నెత్తి మాడుస్తోంది. ఆమె ఆ వీధిలోకి తిరగడం చూసి అరుగుల మీది మాటలు ఆగిపోయాయి. ఒక ఆడమనిషి పిల్లవాణ్ణి రెక్క పట్టుకుని లోపలికి లాక్కుంది. వెనక్కి తిరిగితే ఇంక ఎప్పటికీ రాలేనని తెలిసి, కృష్ణవేణమ్మ వేగం పెంచింది.

తలుపు తీసింది మద్దిలేటిరెడ్డి కోడలు శ్రావణి. ఎదురుగా ఎవరున్నారో చూసి బిగుసుకుపోయింది. ముందు ఆమె రెండు చేతుల వైపూ చూసింది.

"సంచీ తేలేదు పాపా. మీ మామతో మాట్లాడాల. ఉండాడా?"

మద్దిలేటిరెడ్డి నడవలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటాయి. ఒకప్పుడు పెద్ద మనిషి, ఇప్పుడు భుజాలు ముందుకు ఒరిగి, ఊపిరి పీల్చుకుంటే పిల్లికూతలు వినిపిస్తున్నాయి. దాయాదుల వరస. సుంకిరెడ్డికి అన్న అవుతాడు. ఆయన వెనక గుమ్మానికి చెయ్యి ఆనించి చిన్న ఈరన్న నిలబడి ఉన్నాడు.

"కూర్చో" అన్నాడు మద్దిలేటిరెడ్డి చివరికి.

ఆమె కూర్చోలేదు. "బావా, వామి కాల్చింది మీవాండ్లు కాదు. మావాడే కాల్పించినాడు. లైసెన్సు పోకుండా ఉండేదానికి. ఈరన్న పేరు అన్యాయంగా రాసినాడు. చెప్పి పోదామని వచ్చినా."

చిన్న ఈరన్న ఒక్క అంగలో ముందుకు వచ్చాడు. "సాయంత్రం దాకా నిలబెట్టినారు నన్ను! నా పెండ్లాం పిల్లలు వాకిట్లో కూర్చోని ఏడ్చినారు! ఇప్పుడొచ్చి చెప్తాండావా?"

"చెప్పకుండా ఉంటే ఏమయ్యేది నాయనా? నువ్వే చెప్పు."

మద్దిలేటిరెడ్డి దగ్గి, తువ్వాలుతో మూతి తుడుచుకుని, ఈరన్నను కూర్చోమని సైగ చేశాడు.

"మాకూ వచ్చింది ఫోను. మా లాయరూ అదే ఉపాయం చెప్పినాడు. మోటరు స్టార్టరు పగలగొట్టి నీ కొడుకు పేరు రాయాలని వీడు వారం కిందనే అన్న్యాడు. మీవాడు ముందు చేసినాడు. అంతే తేడా."

కృష్ణవేణమ్మ అప్పుడు మంచం ఎదుటి కుర్చీలో కూర్చుంది.

"నాది ఇచ్చేస్తా బావా. స్టేషన్లో పెట్టేసి, లైసెన్సూ వద్దని రాసిచ్చేస్తా. నువ్వూ ఇచ్చేయి."

"నువ్వు ముందు ఇచ్చిరా. తర్వాత నేను పోతా."

"ముందు ఇచ్చినాయన ఏమైనాడో నీకు తెలుసు."

ఆ మాటకు ముసలాయన ముఖం నల్లబడింది. గొంతు తగ్గించి అన్నాడు: "మా తమ్ముని కాడ తుపాకీ ల్యా. నీళ్లు కట్టేదానికి పోయినాడు. చేతిలో పార ఉండింది."

"తెలుసు. ఎవురు పంపించినారో కూడా తెలుసు బావా. నరకాలని నా ఇంట్లోనే కూర్చోని అనుకున్న్యారు. నేను వాండ్లకు అన్నం పెట్టినా. ఎందుకొచ్చినారో తెలీక పెట్టినా. తెలిసినాక కూడా నోరు తెరవలేదు."

ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు, కొడుకుతో కూడా. చిన్న ఈరన్న తల గోడకు ఆనించి కళ్లు మూసుకున్నాడు. శ్రావణి వంటింటి గుమ్మంలో నిలబడి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మద్దిలేటిరెడ్డి మంచం పట్టె పట్టుకుని లేచి నిలబడ్డాడు. "సోమవారం పోదాం. ఇద్దరమూ ఒకే బండిలో" అన్నాడు.

ఎవరి బండి అన్నదగ్గర మళ్లీ చిక్కొచ్చింది. ఆమె అద్దె కారు మాట్లాడతానంటే చిన్న ఈరన్న ఒప్పుకోలేదు. వాళ్ల జీపు అంటే ఆమె తల అడ్డంగా ఊపింది. చివరికి చర్చి వీధిలో ఉండే ప్రేమయ్య ఆటో మాట్లాడుకున్నారు. ప్రేమయ్య ఏ పక్షమూ కాదు. రెండు పక్షాల చేలల్లోనూ అతని తండ్రి కూలికి పోయినవాడే.

సోమవారం పొద్దున్నే చర్చి ముందర ఆటో ఎక్కారు. తుపాకులు రెండూ ఖాళీ చేసి ఒకరికొకరు చూపించుకున్నారు. తూటాలన్నీ కలిపి ఒకే అన్నం డబ్బాలో వేస్తే ప్రేమయ్య దాన్ని సీటు కింద పెట్టుకుని, హ్యాండిల్ మీద చేతులుంచి, కళ్లు మూసుకుని పెదాలు కదిలించాడు.

"ప్రార్థన చేస్తాండావా ప్రేమయ్యా?" అని అడిగింది కృష్ణవేణమ్మ.

"ఊరికే చేస్తానామ్మా? నా సీటు కింద ఏముందో నాకు తెలుసు కదా" అన్నాడు అతను.

ఆటోలో ఆమె ఈ చివర, మద్దిలేటిరెడ్డి ఆ చివర. మధ్యలో సంచీ, గోనెపట్టాలో చుట్టిన తుపాకీ. మిరప చేలు దాటారు. కంకర మిల్లు దాటారు. ఎదురుగా వచ్చే ప్రతి బండినీ ఇద్దరూ వంగి చూస్తున్నారు.

మలుపు దగ్గర ఒక తెల్లకారు రోడ్డుకు అడ్డంగా నిలబడి ఉంది.

ప్రేమయ్య బ్రేకు వేశాడు. మద్దిలేటిరెడ్డి చెయ్యి గోనెపట్టా మీద పడింది, అందులో తూటాలు లేవని మరిచిపోయి. ఊపిరి అందక ఆయన ఛాతీ ఎగిసిపడుతోంది. ఇదే మలుపు. తర్వాత కారు నంబరు కనిపించింది. వంశీ కారు.

"కదలొద్దు బావా. మావాడే" అని ఆమె దిగింది. మోకాలు మెలిక పడి, ఆటో కమ్మీ పట్టుకుని నిలదొక్కుకుంది.

వంశీ ముఖం ఎర్రగా ఉంది. "ఓబుళేశు ఫోన్ చేసి చెప్పినాడు. ఇంటికి పోదాం రా మా. నాయన ఇట్లనే ఇచ్చి వచ్చినాడు. ఈ రోడ్డులోనే... ఈడనే..." ఆమెకు అప్పుడు అతను ముప్పై ఏళ్ల వ్యాపారిలా కనిపించలేదు. తండ్రి శవం మీద దుప్పటి లాగి చూసిన పదేళ్ల పిల్లవాడు కనిపించాడు. అతని చెయ్యి పట్టుకుంది.

"నేను దిగి నీతో వచ్చేస్తే ఆయన ఒక్కడే పోతాడా? పోడు. తిరిగి ఇంటికి పోతాడు. ఆ ఇంట్లో ఈరన్న ఉండాడు. వాని నాయన చచ్చిపొయ్యింది నీ మాదిరే చూసినాడు. రేపు మీరిద్దరూ మన ఊళ్లో ఎదురుపడాల్సినోళ్లే. నేను ఎన్నాళ్లు ఉంటానప్పా?"

"ఆయన్ని నమ్ముతాండావా మా?"

"లేదు. పూర్తిగా లేదు. నాకూ భయంగానే ఉండాది. కారు తీయి."

వంశీ కదల్లేదు. వెనక ఇసుక ట్రాక్టర్ వచ్చి హారను కొట్టింది. దాని వెనక ఇంకో బండి. అతను కళ్లు తుడుచుకుని కారెక్కి పక్కకు తీశాడు. ఆటో కదిలిన తర్వాత కూడా ఆమె వెనక్కి తిరిగి చూస్తూనే ఉంది. కారు కొంత దూరం ఇచ్చి వెంట వచ్చింది.

స్టేషన్లో జ్ఞానమణి బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతోంది. ఇద్దరినీ కలిసి చూడగానే గ్లాసు కింద పెట్టేసింది. వచ్చిన పని విని ఇంకా ఆశ్చర్యపోయింది.

"ఇప్పుడే ఇయ్యాల్సిన పనేం లేదు కదా పెద్దాయనా! ఆర్డరు ఏదీ రాలేదు. వస్తాదో రాదో కూడా తెలీదు. నిన్న మా సారు కూడా అట్లనే అన్న్యాడు, ఇంకా ఆలోచనలోనే ఉండాదంట."

మద్దిలేటిరెడ్డి కృష్ణవేణమ్మ వైపు చూశాడు. ఆమె ఆయన వైపు చూసింది. ఇంటికి తీసుకుపోవచ్చు. చట్టం అడ్డం లేదు. ఎవరూ తప్పుపట్టరు. ఆయన చెయ్యి గోనెపట్టా మీద ఇంకా బిగిసి ఉంది. గుమ్మంలో వంశీ నిలబడి ఉన్నాడు.

ఆమె సంచీ తీసి బల్ల మీద పెట్టింది. చెయ్యి వెనక్కి తీసుకుంది. అలా తీసుకోవడానికి ఎంత కష్టపడిందో ఆమెకే తెలుసు. ఒక అడుగు వెనక్కి వేసి నిలబడింది. ఇప్పుడు ఆయన వెనక్కి తిరిగి పోతే చేసేదేమీ లేదు.

మద్దిలేటిరెడ్డి కదల్లేదు. దగ్గు వచ్చింది. దగ్గి, దగ్గి, గోడకు ఆనుకున్నాడు. తర్వాత గోనెపట్టాను సంచీ పక్కన దించాడు.

"ఇంగ దీన్ని మోసుకోని తిరిగిపొయ్యేదానికి నాకు ఓపిక లేదు" అన్నాడు.

జ్ఞానమణి రెండింటికీ రసీదులు రాసింది. లైసెన్సులు వదులుకుంటున్నామని కలెక్టరాఫీసుకు విడిగా రాసివ్వాలని చెప్పి, తనే కాగితాలు తెప్పించింది. వంశీ ఇచ్చిన కంప్లయింటు మీద ఇంకా కేసు కట్టలేదు. అతను ఉన్నమాట చెప్పి, అది వెనక్కి తీసుకుంటాననగానే ఆమె గొంతు మారింది. "నీ మింద తప్పుడు కంప్లయింటు కేసు కట్టాల నేను. మీ అమ్మ మొగం చూసి ఇడ్సిపెడతాండా. ముందు ఈరన్న ఇంటికి పోయి మాట్లాడు" అంది. వంశీ తల దించుకుని సంతకం చేశాడు. ఈరన్న ఇంటికి మాత్రం ఆ రోజు పోలేదు, ఆ వారమూ పోలేదు. తల్లితో కూడా చాలా రోజులు పొడిపొడిగానే మాట్లాడాడు. ఓబుళేశు చేతికి మందు కొనిచ్చి, కొత్త కొట్టం మాత్రం వేయించాడు.

ఇంటికి వచ్చిన తర్వాత కృష్ణవేణమ్మకు ధైర్యం రాలేదు. వస్తుందని ఆమె అనుకోనూలేదు. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేది. అరుగు మీదికి చేరే ఆ నలుగురైదుగురు మగవాళ్లు మళ్లీ రాలేదు, అదొక్కటే ఆమె గమనించిన తేడా. పడమటి వీధివాళ్ల ఎనుములు తన చేను గట్టు మీద మేస్తుంటే ఒకసారి అదిలించింది. కాపరి మామూలుగా తిట్టుకుంటూ తోలుకుపోయాడు. ఆ తిట్లు విని ఆమెకు ఎందుకో తేలికగా అనిపించింది.

వేసవిలో ప్రేమయ్య కూతురు మహిమ పెళ్లి జరిగింది. రెండిళ్లవాళ్లనూ ప్రేమయ్య ఇంటికి వచ్చి మరీ పిలిచాడు. చర్చి ముందర షామియానా వేశారు. మగవాళ్లు ఒకవైపు, ఆడవాళ్లు ఒకవైపు కూర్చున్నారు. మధ్యాహ్నం పెళ్లికొడుకు కారు దిగుతుండగా పిల్లలు బాణసంచా అంటించారు. పెద్ద చప్పుడు. అంతమంది జనంలో ఇద్దరే ఇద్దరు కుర్చీల్లోంచి లేచి నిలబడిపోయారు. ఆడవాళ్ల వైపు నుంచి కృష్ణవేణమ్మ, మగవాళ్ల వైపు నుంచి మద్దిలేటిరెడ్డి.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. చుట్టూ ఉన్నవాళ్లు కొందరు నవ్వారు, కొందరు తల తిప్పుకున్నారు.

"టపాసులేమ్మా! టపాసులు!" అని అరిచాడు మద్దిలేటిరెడ్డి, తనకూ చెప్పుకుంటున్నట్లు.

"ఆ, టపాసులే బావా!" అంది ఆమె.

ఆయన కూర్చునేదాకా ఆమె కూర్చోలేదు. పక్కన కూర్చున్న శ్రావణి కాసిని నీళ్లు వంచి గ్లాసు అందించింది. ఆమె తాగి గ్లాసు తిరిగి ఇచ్చి, పెళ్లికూతురు వస్తున్న వైపు చూసింది.